తోమా భవనము, గుండఫరు నాణెము

గుమ్మలక్ష్మీపురం కొండలలో సవర, జాతాపు విశ్వాసులకు తోమాను గూర్చి బోధించు కాపరి ఏ ఆధారము చూపవలెను? 3వ శతాబ్దారంభమున సిరియక్ భాషలో వెలసిన 'తోమా కార్యములు' ప్రకారము, రాజైన గుండఫరు భవనము కట్టుటకిచ్చిన ధనమును తోమా బీదలకు పంచి చెరపాలాయెను. మరణించి తిరిగి లేచిన రాజు తమ్ముడు ఆ భవనమును పరలోకమందు చూచితిననెను. 19వ శతాబ్దములో ఆ రాజు నాణెములు బయల్పడినందున కథయంతయు రుజువైనదని చెప్పువారు కలరు. ఇది తొందరపాటు. నాణెములు రాజును స్థాపించును గాని తోమా రాకను కాదు; పైగా ఆ రాజ్యము తక్షశిల వైపుది, మైలాపూరుది కాదు. కథను కథగా వినుట కొండ పెద్దలకు మనము నేర్పనక్కరలేదు. చరిత్రయని చెప్పి ఒప్పించితిమా, చిక్కు మనకే: అదే గ్రంథములో తోమా రూపమున ప్రభువు నూతన దంపతులను దాంపత్యము విడువుడని ఒప్పించును. ఆ ఘట్టమును మన ప్రసంగములలో విన్నట్లు నాకు జ్ఞాపకము లేదు.