చిల్లంగి: మాట, అర్థము, మన ప్రసంగ పీఠము – ఒక విమర్శ

మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతములలో సేవచేయు కాపరులను ఒక ప్రశ్న విడిచిపెట్టదు. జ్వరము తగ్గని బిడ్డను గూర్చియో, నిలువని గర్భమును గూర్చియో, ఎండిపోయిన బోరును గూర్చియో ప్రార్థన కోరి వచ్చిన విశ్వాసి లేచి వెళ్లబోతూ గడప దగ్గర ఆగి అడుగుతాడు: "అయ్యగారూ, మాకెవరైనా ఏమైనా చేయించారేమో కాస్త చూడండి." అప్పటివరకు ప్రార్థన కోరినవాడు ఇప్పుడు చూడమంటున్నాడు. ఈ రెండింటికి మధ్యనున్న దూరమును మన ప్రసంగములు గుర్తించుట లేదన్నదే మా విమర్శ.

ముందుగా మాటలను విడదీయవలెను. మన పల్లెలలో దిష్టి, గాలి, దయ్యము, మందు పెట్టుట, చేతబడి, చిల్లంగి అన్నీ ఒకే గంపలో పడుతున్నవి. తెలంగాణలో బాణామతి అన్న మాట దీనికి తోడవుతుంది. అయితే వీటిని అనుభవించువారికి ఇవి ఒకటి కావు. దిష్టిలో ఎవరి మీదను నేరము లేదు. చూచినవాని కన్ను మంచిది కాదంటారు, ఉప్పు, మిరపకాయలు దిగదుడిచి ఊరుకుంటారు. గాలి సోకిందన్నప్పుడు చచ్చినవారిని అంటారు గాని బ్రతికియున్నవారిని అనరు. చేతబడి, చిల్లంగి అన్నప్పుడు మాత్రము ఒక మనిషి కావలెను. అతనికి పగ ఉండవలెను, ఇల్లు దగ్గరలో ఉండవలెను. కాబట్టి చేతబడి అన్న మాట పుట్టిన చోట వెంటనే 'ఎవరు?' అన్న ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పువాడే సోదెగాడు, భూతవైద్యుడు.

ఇది కేవలము తెలివిలేనితనమని చదువుకొన్నవారు అనుకొనుట మొదటి అపోహ. 1937లో ఇవాన్స్-ప్రిచర్డ్ అను మానవశాస్త్రవేత్త ఆఫ్రికాలోని అజాండే ప్రజలను గూర్చి వ్రాసిన గ్రంథములో ధాన్యపు గాదె కూలిన సంగతి ఉన్నది. గాదె స్తంభములను చెదలు తిన్నవని ఆ ప్రజలకు తెలియును. అయితే ఆ నీడలో ఈ మనుష్యులు కూర్చున్న గడియలోనే అది ఎందుకు కూలెను? వారడిగేది అది. మన విశ్వాసి కూడ బిడ్డను ఆసుపత్రిలో చూపించినాడు, జ్వరము పేరు తెలిసికొన్నాడు. "నా బిడ్డకే ఎందుకు?" అన్నది మిగిలిపోయినది. జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలవారు పసుపు నీటిలో సున్నపు తేట కలిపి నెత్తురు రంగు తెప్పించి చూపినప్పుడు మంత్రగాని మోసము బయటపడుతుంది. అందుకు సంఘము వారికి కృతజ్ఞతతో ఉండవలెను. కాని మిగిలిపోయిన ఆ ప్రశ్నకు అది జవాబు కాదు. జవాబు చెప్పవలసినది మనము.

లేఖనములోని మాటలు

మన ప్రసంగీకులు ఈ విషయమున ఎత్తుకొను వచనము నిర్గమ. 22:18. తెలుగు బైబిలులో అక్కడ ఉన్నది శకునము చెప్పు స్త్రీ. ద్వితీ. 18:10లో ఉన్నది చిల్లంగివాడు. హెబ్రీ మూలములో రెండుచోట్లను ఒకే ధాతువు: 'కషఫ్'. ఒకే మాట ఒకచోట శకునమై, వేరొకచోట చిల్లంగియైనది. ఈ తేడా తెలియని ప్రసంగీకుడు ఇంగ్లీషు బైబిలులోని 'విచ్' అన్న మాటను తెచ్చి నిర్గమకాండములో పెట్టి, దానికి మన పల్లెలోని చేతబడి అర్థమును తొడుగుతున్నాడు. మూడు భాషలు దాటి వచ్చిన ఆ మాటలో మోషే చెప్పినది ఎంత మిగిలినదో ఎవరును అడుగుట లేదు.

గ్రీకు అనువాదకులు నిర్గమ. 22:18లో మందులతో పనిచేయువారిని తెలుపు మాట వాడిరి. 'ఫార్మకోన్' అనగా మందు, విషము కూడ. 1584లోనే రెజినాల్డ్ స్కాట్ అను ఆంగ్లేయుడు, ఈ వచనము విషము పెట్టువారిని గూర్చినదని వాదించి, ముసలమ్మలను మంత్రగత్తెలని శిక్షించుటను ఖండించినాడు. ఆయన వాదమును పూర్తిగా అంగీకరించనక్కరలేదు. కాని గలతీ. 5:20లో పౌలు వాడినది అదే కుటుంబపు మాట, 'ఫార్మకెయా'. తెలుగులో దానిని అభిచారము అన్నారు. పండితులకు సరిపోవు మాటయే. మా సంఘములలో మాత్రము పెద్దలు కొందరు దానిని వ్యభిచారముగా చదివి ముందుకు పోవుట మేము విన్నాము. ఆ వరుసలో జారత్వము ముందే ఉన్నది గనుక వారిని తప్పుపట్టలేము. మన వాడుకలో 'మందు పెట్టుట' అన్న మాట ఉండగా, విద్యార్థులకు ఆ గ్రీకు మాటను వివరించుటకు అంతకంటె దగ్గర దారి లేదు.

ఇంకొక సంగతి మాకు మరింత ముఖ్యముగా కనబడుచున్నది. పాత నిబంధనలో ఈ 'కషఫ్' అన్న మాట ఎవరికి అంటినదో వరుసగా చూడండి. ఫరో ఆస్థానములోని వారు (నిర్గమ. 7:11). నెబుకద్నెజరు పిలిపించినవారు (దానియేలు 2:2). యెజెబెలు రాణి (2 రాజులు 9:22). మనష్షే రాజు (2 దిన. 33:6). నీనెవె పట్టణము (నహూము 3:4). బబులోను (యెషయా 47:9). పేరుతో ఈ నింద మోసినవారు రాజులు, రాణులు, సామ్రాజ్యములు, వారి జీతము తినువారు. ఊరి చివర గుడిసెలోని విధవరాలు ఈ వరుసలో ఎక్కడను లేదు. విధవరాలు కనబడునది మలాకీ 3:5లో. అక్కడ చిల్లంగివాండ్రతో పాటు అబద్ధ ప్రమాణికులను, విధవరాండ్రను బాధించువారిని కూడ దేవుడు తీర్పులోనికి పిలుచుచున్నాడు. ఆ వచనములో మొదటి మాట దగ్గరనే ఆగిపోవు ప్రసంగములు మనకు చాలా ఉన్నవి.

ఏన్దోరు స్త్రీ సంగతియు అంతే (1 సమూ. 28). ఆమె చేసినది ధర్మశాస్త్రము నిషేధించిన పనియే, సందేహము లేదు. అయితే ఆమె ఎవరికిని రోగము తెప్పించలేదు. ఆకలితో పడియున్న రాజుకు తన పెయ్యను వధించి భోజనము పెట్టినది. దోషము సౌలు మీద వ్రాయబడినది, విచారించుటకు వెళ్లినందుకు (1 దిన. 10:13). ద్వితీ. 18వ అధ్యాయపు నిషేధము ముఖ్యముగా ఈ విచారించుట మీదనే ఉన్నది. సోదె అడుగరాదు, శకునము చూడరాదు, మృతులయొద్దకు పోరాదు. చేతబడి చేసినవారిని మన పల్లెలలో కనుగొను సాధనములన్నియు సరిగా ఇవియే. ఎవరు చేయించారో చూచి చెప్పు వ్యక్తి, చేతిలో నిమ్మకాయ ఉన్నను బైబిలు ఉన్నను, ఆ నిషేధము క్రిందికే వచ్చును.

'ఎవరు?' అన్న ప్రశ్న

పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగినదియు ఎవరు అనియే (యోహాను 9:2). ప్రభువు ఆ ప్రశ్నను తీసికొనలేదు. ఆయన దయ్యములను వెళ్లగొట్టిన సందర్భములు సువార్తలలో అనేకము. 'నిన్ను పంపినది ఎవరు?' అని ఒక్కచోటనైనను ఆయన అడిగినట్టు లేదు. గెరాసేనుల దేశములో పేరు అడిగినాడు (మార్కు 5:9), అంతే. కపెర్నహూములో దానిని మాటలాడనియ్యలేదు (మార్కు 1:25, 34). మన కూటములలో జరుగునది దీనికి తలక్రిందులు. జుట్టు విరబోసికొని ఊగుచున్న స్త్రీ ఎదుట మైకు పెట్టి, "నువ్వెవరు? ఎవరు పంపారు? ఎందుకు వచ్చావు?" అని అడుగుతారు. ఆమె నోట ఒక పేరు వస్తుంది. అది తోటికోడలి పేరో, పొలము గట్టు తగాదాలోని దాయాది పేరో అవుతుంది. సభ యావత్తు 'స్తోత్రము' అంటుంది. పలికినది నిజముగా దయ్యమే అనుకొందము. అబద్ధికుడును అబద్ధమునకు జనకుడును అని ప్రభువు చెప్పినవాని సాక్ష్యము మీద పొరుగువానికి తీర్పు తీర్చుట ఏ సిద్ధాంతము? పలికినది ఆమె వేదనయే అయితే, ఆ వేదనను వినవలసినవారు వేరే ఉన్నారు, వినవలసిన చోటు వేరే ఉన్నది.

ఇది క్రైస్తవ సంఘములో ఇంతకుముందు జరిగినదే. 1692లో అమెరికాలోని సేలెం గ్రామములో, ఫలానావారి రూపము వచ్చి మమ్మును బాధించినదని కొందరు బాలికలు చెప్పిన మాటను న్యాయస్థానము సాక్ష్యముగా తీసికొన్నది. 19 మందిని ఉరితీసిరి. ఇంకొక వృద్ధుని బండరాళ్ల క్రింద అణచి చంపిరి. అదే సంవత్సరము ఇన్‌క్రీజ్ మాథర్ అను బోధకుడు, అపవాది నిర్దోషి రూపమును ధరించగలడు గనుక ఇటువంటి సాక్ష్యము చెల్లదని వ్రాసినాడు. మాథర్ అపవాదిని నమ్మనివాడు కాడు. నమ్మినందుననే వాని మాట చెల్లదన్నాడు. 1697లో ఆ న్యాయాధిపతులలో ఒకడైన శామ్యూల్ సెవాల్ ఆరాధనలో లేచి నిలువగా, ఆయన ఒప్పుకోలును కాపరి చదివినాడు.

'ఆత్మల వివేచన' వరమును (1 కొరింథీ. 12:10) అడ్డము పెట్టువారున్నారు. వివేచింపబడునవి ఆత్మలు, పొరుగిండ్లు కావు. ఎఫెసులో మాంత్రిక విద్య నడిపినవారు తమ పుస్తకములను తామే తెచ్చి కాల్చిరి, వాటి వెల యాబదివేల వెండి రూకలు (అపొ. 19:19). ఎదుటివాని ఇల్లు సోదా చేసినట్టు లేదు. యెహెజ్కేలు 13:18-19లోని స్త్రీలను గూర్చి కూడ చదువుడి. చేతులకు కట్టుటకు గుడ్డలు కుట్టి, చేరెడు యవలకును రొట్టెముక్కలకును ప్రవచనము చెప్పినవారు వారు. ప్రార్థించిన చేతిగుడ్డలకు, నూనె సీసాలకు ధర కట్టి పంపుచున్నవారు ఈ అధ్యాయమును ఎప్పుడు తీసికొందురో మాకు తెలియదు.

మన చరిత్రలోని ఖాళీ

మార్కాపురం, కంభం వైపు అమెరికన్ బాప్టిస్టు మిషను ద్వారా వచ్చిన మన పితరులు బాప్తిస్మమప్పుడు తాయెత్తులు తెంపివేసిరి. అది గొప్ప ధైర్యము. 1876–78 కరవులోను, కలరాలోను అమ్మవారి భయము ఇంటింట ఉన్న దినములవి. అయితే మిషనరీలలో అనేకులు ఈ భయములను మూఢనమ్మకములని త్రోసివేసి, వాటికి ఉపదేశములో చోటియ్యలేదు. భయము పోలేదు, అయ్యగారి ఎదుట చెప్పుట మాత్రము మానినది. మెదకు అధ్యక్ష మండలములోని గ్రామ సంఘములను పరిశీలించి పి. వై. లూకా, జాన్ కార్మన్ 1968లో ప్రచురించిన గ్రంథము, ఆదివారము గుడిలోనున్న విశ్వాసి ఆపద వేళ ఎక్కడెక్కడికి పోవుచున్నాడో దాపరికము లేకుండ చూపినది. మహబూబ్‌నగర్ జిల్లాలో సేవచేసిన పాల్ హీబర్ట్ 1982లో వ్రాసిన వ్యాసములో దీనికొక పేరు పెట్టినాడు: విడిచిపెట్టబడిన మధ్య అంతస్తు. పైన దేవుడు, క్రింద విజ్ఞానము; నడుమనున్న ఆత్మల, భయముల అంతస్తుకు పాశ్చాత్య వేదాంతములో గది లేదన్నాడు.

మన సెమినరీలలో ఈ వ్యాసమును చదువని విద్యార్థి అరుదు. చదివిన విధమే లోపముగా ఉన్నది. హీబర్ట్ రెండు ప్రమాదములు చెప్పినాడు. ఆత్మలే లేవను లౌకికవాదము ఒకటి. ప్రతిదానిని ఆత్మలకు అంటగట్టి సువార్తనే మంత్రముగా మార్చుట రెండవది. మొదటిదానిని పరీక్షలో వ్రాసి, రెండవదానిని కూటములలో ఆచరించుచున్నాము. ఆ ఖాళీని స్వతంత్ర సేవకులు నింపిరని వారిని నిందించుట మనకు సులువు. వారు ప్రజల భయమును విన్నారు. మన ప్రధాన సంఘములు వినలేదు. విన్న తరువాత వారు భూతవైద్యుని ప్రశ్ననే ఉంచుకొని జవాబు చెప్పు మనిషిని మాత్రమే మార్చిరి.

దీని వెల మోయునది ఎవరు? మేమెరిగిన ఒక పల్లెలో అతిథి ప్రసంగీకుడు ఒకరు, "ఈ ఇంటికి పడమట ఒంటరిగా ఉన్న స్త్రీ వలన ఈ కుటుంబమునకు కట్లు ఉన్నవి" అన్నారు. పేరు చెప్పలేదు. పడమట ఒంటరిగా ఉన్నది ఒక్కతే. మందిరము ఊడ్చు ముసలామె. వారము తిరుగకముందే చేతిపంపు దగ్గర ఆమె బిందెను పక్కకు నెట్టిరి. ప్రభువు బల్లలో ఆమె వరుస ఖాళీ అయినది. గుంటూరులో మిరప కోతలకు పోయిన కొడుకు వచ్చి ఆమెను తీసికొనిపోయినాడు. ఏ కట్లనైతే ఆమెకు అంటగట్టిరో, ఆ ఇంటి పెద్దకు వంగిన మోకాళ్లు, బిగిసిన వెన్ను. కనిగిరి, పొదిలి మొదలు మన వైపు వరకు బోరునీటిలోని ఫ్లోరైడు ఏమి చేయునో ఎరిగినవారికి ఆ లక్షణములు క్రొత్తవి కావు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీరు త్రాగరాదని ప్రమాణము. ఆ బోరును పరీక్ష చేయించినవారు లేరు.

ఆమె ప్రాణముతో వెళ్లినది. తెలంగాణ పల్లెలలో చేతబడి నెపముతో పండ్లు ఊడగొట్టిన, సజీవముగా కాల్చిన వార్తలు మనము చదివినవే. బీహారు 1999లో, జార్ఖండ్ 2001లో, ఛత్తీస్‌గఢ్ 2005లో దీనికి ప్రత్యేక చట్టములు చేసినవి. మహారాష్ట్రలో నరేంద్ర దభోల్కర్ హత్య జరిగిన 2013లోనే చట్టము వచ్చినది. మన రెండు తెలుగు రాష్ట్రములలో అటువంటి ప్రత్యేక చట్టము లేదు. కాని సంఘమునకు చట్టమున్నది. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేక ఎవనిమీదను నేరము స్థిరపరచరాదు, అబద్ధ సాక్షి తాను తలపెట్టిన కీడును తానే పొందవలెను (ద్వితీ. 19:15-19). చేతబడికి సాక్షులు ఎన్నటికిని ఉండరు. కనుక ఒక విశ్వాసిని గాని అన్యుని గాని చేతబడి చేసెనని బహిరంగముగా సూచించుటను, పేరు చెప్పినను దిక్కు చూపినను, అబద్ధ సాక్ష్యముగా ఎంచి క్రమశిక్షణ క్రిందికి తేవలెనని మా అభిప్రాయము. కూటములకు పిలుచునప్పుడే ప్రసంగీకునికి ఈ నియమమును వ్రాతలో తెలుపవచ్చును. రానంటే ఇంకొకరిని పిలువవచ్చును.

ఇక గడప దగ్గర ఆగిన విశ్వాసికి ఏమి చెప్పవలెను? "చూడను" అనవలెను. ఆ తరువాత కూర్చోబెట్టవలెను. యాకోబు 5:14 ప్రకారము పెద్దలను పిలిచి, నూనె రాచి ప్రార్థించి, మరునాడు ఆసుపత్రికి తోడు వెళ్లవలెను. అతని మనస్సులో ఏ ఇంటి మీద అనుమానమున్నదో ఆ ఇంటికి ఆ వారములోనే కాపరి వెళ్లి, వారి నీళ్లు త్రాగి, వారితో భోజనము చేసి రావలెను.