పురిటికి ఎక్కడికి?

నెల తప్పిందని పేరు రాయించుకోవడానికి వచ్చిన అమ్మాయిని మొదట ఆఖరి నెలసరి తేదీ అడుగుతాం. చాలామందికి తేదీ గుర్తుండదు. "శివరాత్రి వెళ్ళిన నాలుగో రోజు" అంటారు. క్యాలెండర్ చూసి ఆ రోజుకు తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపితే కాన్పు తేదీ వస్తుంది. ఏఎన్‌ఎంగా పనిచేసినన్నాళ్ళూ ఆ వెంటనే ఇంకోటి అడిగేదాన్ని: "పురిటికి ఎక్కడికి వెళ్తావమ్మా?"

పన్నెండు వారాల్లోపు నమోదు, కనీసం నాలుగు పరీక్షలు, టీడీ సూదులు, నాలుగో నెల నుంచి ఐరన్ మాత్రలు, ప్రతి నెలా 9న డాక్టరు పరీక్ష. ఇవి చాలావరకు అత్తవారి ఊళ్ళో జరుగుతాయి. తొలిచూలైతే ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకెళ్తారు. బీపీ పెరగడం, బిడ్డ ఎదురుకాళ్ళతో ఉండడం తేలేదీ ఎక్కువగా ఆ నెలల్లోనే. అప్పటికి ఆమె సంగతి తెలిసినవాళ్ళు ఒక ఊళ్ళో, ఆమె మరో ఊళ్ళో.

ఆ ప్రయాణంలో చీరలు, గాజులు, స్వీట్లు మరిచిపోరు. తల్లీబిడ్డల కార్డు మాత్రం పోతుందేమోనని అత్తగారు బీరువాలో దాస్తారు. హిమోగ్లోబిన్ ఏడుకు దిగిన మనిషికి రక్తం ఎక్కించే ఆసుపత్రి కావాలని ఆ కార్డు చూస్తేనే తెలుస్తుంది. కాళ్ళ వాపులు కడుపుతో ఉన్నప్పుడు మామూలేనని తల్లి అనుకుంటుంది. కిందటి పరీక్షలో బీపీ 140/90 దాటిందని తెలిసిన ఆశా కార్యకర్త అయితే తలనొప్పి ఉందా, చూపు మసకబారుతోందా అని అడుగుతుంది. గుర్రపువాతం రాకముందే పెద్దాసుపత్రికి పంపుతుంది.

ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఉచితం. చాలాచోట్ల అడ్డుపడేది సమాచారం అందకపోవడమే.

పుట్టింటికి పంపొద్దని నేనెవరికీ చెప్పలేదు. నీళ్ళు పోసి, పథ్యం పెట్టి, రాత్రిళ్ళు బిడ్డను ఎత్తుకునే అమ్మ దగ్గర ఉండాలని తొలి కాన్పు పిల్ల కోరుకోదూ! ఆచారం ఆచారంగానే సాగనిచ్చి, మన పని దాని వెంట నడవాలి. బాలింత తిరిగొచ్చేటప్పుడూ అంతే. మూడో రోజు నుంచి నలభై రెండో రోజు దాకా ఆశా చూసేది పుట్టింట్లోనే. పద్నాలుగో వారం టీకా నాటికి మూడో నెల దాటుతుంది. తల్లీబిడ్డలు ప్రయాణంలో ఉంటే ఆ సూది తప్పిపోతుంది.

"పుట్టింటికి వెళ్ళింది" అని రాస్తే రిజిస్టరులో గడి నిండుతుంది. అవతలి ఊరి ఏఎన్‌ఎం పేరు, ఫోన్ నంబరు అదే గడిలో రాసి, ఆమెతో ఒక్కసారి మాట్లాడేదాకా, నా లెక్కలో ఆ అమ్మాయి ఇంకా నా ఊళ్ళోనే ఉన్నట్టు.