యూనిట్ – 12 : ఆఫ్రికా మార్కెట్లపై వ్యాఖ్యానాలు – ఒక విమర్శనాత్మక పరిశీలన

12.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు:
• ఆఫ్రికా ఆర్థిక వ్యవస్థలపై వెలువడిన ముఖ్యమైన వ్యాఖ్యానాలను విమర్శనాత్మకంగా చదవగలుగుతారు.
• 'మధ్యతరగతి', 'ఖాళీ భూమి' వంటి మాటల వెనక ఉన్న నిర్వచనాలను గుర్తించగలుగుతారు.
• పెట్టుబడిపై మారకం రేటు ప్రభావాన్ని లెక్కతో వివరించగలుగుతారు.

12.1 ప్రవేశిక

గత యూనిట్‌లో ఆఫ్రికా దేశాల సహజ వనరులు, జనాభా, వాణిజ్యాల గురించి తెలుసుకున్నారు. ఈ యూనిట్‌లో మన పరిశీలనకు వచ్చేది ఆఫ్రికా కాదు, ఆఫ్రికా గురించి రాసిన రాతలు. పెట్టుబడి పెట్టేవారిలో చాలామంది ముందుగా ఆ దేశాన్ని చూడరు, దాని గురించిన నివేదికను చూస్తారు. నివేదికను సరిగా చదవకపోతే కోట్ల రూపాయల నిర్ణయం కూడా తప్పుదారి పడుతుంది.

ఈ విషయంలో నా పొరపాటును కూడా మీతో చెప్పుకోవాలి. 2012లో ఒక అధ్యయన కేంద్రంలో ఆదివారం సంపర్క తరగతి తీసుకుంటూ, ఆఫ్రికా జనాభాలో 34 శాతం మధ్యతరగతికి చేరిందని ఉత్సాహంగా చెప్పాను. జాంబియాలో కొంతకాలం ఒక దుకాణంలో లెక్కలు రాసి తిరిగివచ్చిన విద్యార్థి ఒకరు లేచి, "సార్, వాళ్ల లెక్కలో మధ్యతరగతి అంటే రోజుకు ఎంత ఖర్చు పెట్టేవాళ్లు?" అని అడిగారు. నాకు తెలియదు. నేను చదివింది నివేదిక సారాంశం మాత్రమే, నిర్వచనం కాదు. వచ్చే వారం చెబుతానని ఆ పూట తప్పించుకున్నాను. ఈ యూనిట్ ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న సమాధానం అనుకోవచ్చు.

12.2 రెండు ముఖచిత్రాలు, ఒకే దోషం

లండన్ నుంచి వెలువడే 'ది ఎకనామిస్ట్' వారపత్రిక 2000 మే నెలలో ఆఫ్రికాను 'ఆశలేని ఖండం'గా పేర్కొంటూ ముఖచిత్ర కథనం ప్రచురించింది. అదే పత్రిక 2011 డిసెంబరులో 'ఎదుగుతున్న ఆఫ్రికా' అంటూ మరో ముఖచిత్రం వేసింది. పదకొండేళ్లలో తీర్పు తలకిందులైంది. మెకిన్సీ సంస్థ 2010లో ప్రకటించిన 'లయన్స్ ఆన్ ద మూవ్' అనే నివేదిక ఈ రెండో ధోరణికి పునాది వేసిన వాటిలో ఒకటి.

ఈ రెండు తీర్పులలో ఏది సరైనదని చాలామంది వాదించారు. కాని రెండింటిలోనూ ఉన్న దోషం ఒకటే. 54 దేశాలను ఒకే మార్కెట్‌గా భావించి, ఒకే విశేషణంతో వర్ణించడం ఆ దోషం. చమురు అమ్ముకునే అంగోలా, చమురు కొనుక్కునే కెన్యా ఒకే సంవత్సరంలో ఒకే దిశలో నడవనవసరం లేదు. మెకిన్సీయే 2016లో విడుదల చేసిన రెండో నివేదిక ఈ సంగతిని బయటపెట్టింది. 2000–2010 మధ్య ఏటా 5.4 శాతంగా ఉన్న ఖండపు వృద్ధి 2010–2015 మధ్య 3.3 శాతానికి తగ్గింది. అయితే ఆ తగ్గుదలకు ప్రధాన కారణం చమురు ఎగుమతి దేశాలు, ఉత్తర ఆఫ్రికాలో రాజకీయ కల్లోలానికి లోనైన దేశాలు. మిగిలిన దేశాల వృద్ధి కొద్దిగా పెరిగింది కూడా. సగటు అంకె ఈ రెండు కథలనూ కప్పివేసింది.

అంకెలు మారడానికి మరో కారణం కూడా ఉంది. 2014 ఏప్రిల్‌లో నైజీరియా తన స్థూల దేశీయోత్పత్తి లెక్కకు ఆధార సంవత్సరాన్ని 1990 నుంచి 2010కి మార్చింది. దీనితో 2013 సంవత్సరపు ఉత్పత్తి విలువ సుమారు 27,000 కోట్ల డాలర్ల నుంచి 51,000 కోట్ల డాలర్లకు చేరింది. దక్షిణాఫ్రికాను దాటి నైజీరియా ఖండంలో పెద్ద ఆర్థిక వ్యవస్థ అయింది. ఇది మోసం కాదు. పాత లెక్కకు అందని టెలికాం, సినిమా వంటి రంగాలు కొత్త లెక్కలోకి వచ్చాయి. అయితే ఆ ఏప్రిల్‌లో ఏ నైజీరియన్ కుటుంబం జేబులోకీ అదనంగా ఒక్క నైరా రాలేదు. కొలత మారడం వేరు, కొనుగోలు శక్తి పెరగడం వేరు.

12.3 34 శాతం: ఒక అంకెను చదవడం

నేను తరగతిలో చెప్పిన 34 శాతం ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు 2011లో ప్రకటించిన పత్రంలోనిది. తలసరి రోజువారీ వినియోగం 2 నుంచి 20 డాలర్ల మధ్య ఉన్నవారిని ఆ పత్రం మధ్యతరగతిగా నిర్వచించింది. ఇక్కడ రెండు విషయాలు గమనించాలి.

మొదటిది, ఇవి కొనుగోలు శక్తి సమానత ప్రకారం లెక్కించిన డాలర్లు, బ్యాంకులో మార్చుకునే డాలర్లు కావు. పేద దేశాలలో కూలి, కూరగాయలు, అద్దె చౌక కాబట్టి ఆ మేరకు ఆదాయాన్ని పెంచి చూపే పద్ధతి ఇది. జీవన ప్రమాణాలను పోల్చడానికి ఇది సరైనదే. కాని దిగుమతి చేసిన మిక్సీని, మందులను కొనాలంటే అసలు మారకం రేటు ప్రకారమే చెల్లించాలి. అప్పుడు ఆ 2 డాలర్లు మరింత చిన్నవవుతాయి.

రెండోది, ఆ మధ్యతరగతిలో సుమారు 60 శాతం, అంటే దాదాపు 18 కోట్ల మంది, 2 నుంచి 4 డాలర్ల మధ్య ఉన్నవారు. పత్రం వీరిని 'తేలియాడే వర్గం' అంది. ఇంట్లో ఒకరికి జబ్బు చేసినా, ఒక పంట పోయినా వీరు తిరిగి పేదరికంలోకి జారిపోతారు. వీరిని మినహాయిస్తే మిగిలేది జనాభాలో సుమారు 13 శాతం మాత్రమే.

ఈ హెచ్చరిక ఆ పత్రంలోనే ఉంది. కాబట్టి తప్పు బ్యాంకుది కాదు, హెచ్చరికను వదిలేసి అంకెను మాత్రం ఎత్తి రాసిన వారిది. అందులో నేనూ ఉన్నాను. వ్యాపార సంస్థలు మాత్రం ఈ భేదాన్ని డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్నాయి. 2015లో నెస్లే సంస్థ భూమధ్యరేఖ ప్రాంతపు 21 ఆఫ్రికా దేశాలలో సిబ్బందిని 15 శాతం తగ్గించింది. అక్కడి మధ్యతరగతిని తాము ఎక్కువగా అంచనా వేశామని ఆ సంస్థ ప్రతినిధి అప్పుడు అంగీకరించారు.

12.4 రాబడి ఏ కరెన్సీలో? ఎయిర్‌టెల్ అనుభవం

2010లో భారతి ఎయిర్‌టెల్ 1,070 కోట్ల డాలర్ల విలువకు జైన్ సంస్థ నుంచి 15 ఆఫ్రికా దేశాల టెలికాం వ్యాపారాన్ని కొన్నది. భారతదేశంలో నెగ్గిన సూత్రాన్నే అక్కడా అమలు చేసింది. ధర తగ్గిస్తే మాటలు పెరుగుతాయి, మాటలు పెరిగితే లాభం వస్తుందన్నది ఆ సూత్రం. కెన్యాలో కాల్ ధరను దాదాపు సగానికి తగ్గించింది. కాని చాలా ప్రాంతాల్లో టవర్లు డీజిల్‌తో నడవాలి. 15 దేశాలకు 15 నియంత్రణ సంస్థలు. కొనుగోలుకు తెచ్చిన అప్పు ఎక్కువ భాగం విదేశీ కరెన్సీలో ఉంది. ఫలితంగా చాలా సంవత్సరాలు నష్టాలు తప్పలేదు.

అయినా ఆ సంస్థ వెనక్కి రాలేదు. కొన్ని దేశాల వ్యాపారాన్ని అమ్మివేసి, మిగిలినచోట నిలదొక్కుకుని, 2019లో లండన్ స్టాక్ ఎక్స్ఛేంజిలో ఎయిర్‌టెల్ ఆఫ్రికాను నమోదు చేసింది. 2024 మార్చి నాటికి ఖాతాదారులు 15 కోట్లు దాటారు. అదే సంవత్సరపు లెక్కలు మన పాఠానికి ముఖ్యం. మారకం రేట్లు మారలేదనుకుని లెక్కిస్తే రాబడి 20.9 శాతం పెరిగింది. డాలర్లలో చూస్తే 5.3 శాతం తగ్గింది. చివరకు 8.9 కోట్ల డాలర్ల నష్టం తేలింది.

కారణం ప్రధానంగా నైరా పతనం. 2023 జూన్‌లో నైజీరియా మారకం రేటును మార్కెట్‌కు వదిలింది. అంతకు ముందు డాలరుకు సుమారు 460 నైరాలు ఉండగా, 2024 తొలి నెలల్లో ఆ విలువ 1,500 దాకా వెళ్లింది. ఖాతాదారులు పెరిగారు, సిబ్బంది బాగా పనిచేశారు, అయినా లాభం కరిగిపోయింది. ప్రతి పెట్టుబడి నివేదికలోనూ మార్కెట్ పరిమాణం మొదటి పేజీలో ఉంటుంది, మారకం ప్రమాదం అనుబంధంలో ఉంటుంది. వాటి స్థానాలు తారుమారు కావాలని నా అభిప్రాయం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
ఒక సంస్థకు ఏడాదికి 46 కోట్ల నైరాల రాబడి వస్తోంది. మారకం రేటు 460 నుంచి 1,500కు చేరింది. నైరాలలో రాబడి 20 శాతం పెరిగిందనుకుంటే, డాలర్లలో ఏమైంది? (సమాధానం యూనిట్ చివర చూడండి.)

12.5 'ఖాళీ భూమి' అనే మాట

ప్రపంచంలో సాగుకు వచ్చే బీడు భూమిలో 60 శాతం ఆఫ్రికాలోనే ఉందని మెకిన్సీ 2010 నివేదిక చెప్పింది. ఈ వాక్యం ఎందరినో ఆకర్షించింది. బెంగళూరు కేంద్రంగా గులాబీల వ్యాపారంలో ఎదిగిన కరుటూరి గ్లోబల్ సంస్థ ఇథియోపియాలోని గంబేలా ప్రాంతంలో లక్ష హెక్టార్లను కౌలుకు తీసుకుంది. పని బాగుంటే దాన్ని 3 లక్షల హెక్టార్లకు పెంచుకునే వీలు కూడా ఒప్పందంలో ఉంది. 2011లో బారో నది వరద మొక్కజొన్న పంటను ముంచివేసింది. సాగులోకి తెచ్చిన భూమి చాలా తక్కువన్న కారణంతో 2015 చివర ప్రభుత్వం ఒప్పందాన్ని రద్దు చేసింది. సంస్థ ఆ నిర్ణయాన్ని వ్యతిరేకించింది.

ఎవరి వాదన సరైనదని తేల్చడం మన పని కాదు. మనం ప్రశ్నించవలసింది 'ఖాళీ' అనే మాటను. గంబేలాలో అన్యువా, న్యూయెర్ తెగల ప్రజలు ఉన్నారు. పశువుల మేతకు, మార్పు సేద్యానికి, వేటకు వాడే భూమి ఉపగ్రహ చిత్రంలో ఖాళీగా కనిపిస్తుంది. వరద నీరు నిలిచే మైదానం వేసవిలో బీడులా కనిపిస్తుంది. మన ఊళ్లలో బంజరు అని రికార్డులో రాసి ఉన్న భూమిలో ఎవరి గొర్రెలు మేస్తున్నాయో మనకు తెలుసు. ఆ తెలివిని మనం గంబేలాకు కూడా తీసుకుపోవాలి.

12.6 అవకాశం ఎక్కడ ఉంది?

ఈ విమర్శ చదివి ఆఫ్రికాలో అవకాశాలు లేవని భావించరాదు. అలా అనుకుంటే 2000 నాటి ముఖచిత్రం దగ్గరికే తిరిగి వెళ్లినట్లవుతుంది.

కెన్యాలో సఫారీకామ్ సంస్థ 2007 మార్చిలో ప్రారంభించిన ఎం-పెసా మంచి ఉదాహరణ. సూక్ష్మరుణాల వాయిదాలు ఫోన్ ద్వారా వసూలు చేయడానికి మొదలైన ప్రయోగం అది. జనం మాత్రం దాన్ని నగరం నుంచి ఊరికి డబ్బు పంపుకోవడానికి వాడారు. సంస్థ ఆ వాడకాన్ని గమనించి తన పథకాన్ని మార్చుకుంది. ఇక్కడ ఎవరూ మధ్యతరగతి కోసం వెతకలేదు, పేదవాడు అప్పటికే చేస్తున్న పనిని చౌక చేశారు. అదే సేవను 2010లో దక్షిణాఫ్రికాలో ప్రవేశపెట్టగా, 2016లో మూసివేయవలసి వచ్చింది. అక్కడ బ్యాంకు ఖాతాలు అప్పటికే విస్తృతంగా ఉన్నాయి. ఒక దేశపు విజయాన్ని అదే ఖండంలోని మరో దేశానికి కూడా యథాతథంగా తీసుకుపోలేమని ఇది చెబుతుంది.

మన హైదరాబాద్‌కు కూడా ఇందులో భాగం ఉంది. ఇక్కడి ఔషధ సంస్థలు ఎయిడ్స్ చికిత్సకు వాడే జనరిక్ మందులను ఆఫ్రికా దేశాలకు పెద్ద ఎత్తున సరఫరా చేశాయి. ఈ మందులలో చాలా భాగాన్ని కొన్నది రోగులు కాదు, అంతర్జాతీయ నిధులు, ప్రభుత్వాలు. చెల్లింపు డాలర్లలో వచ్చింది. అందువల్ల కొనుగోలుదారు ఎవరు, చెల్లింపు ఏ కరెన్సీలో అన్న రెండు ప్రశ్నలకూ ముందే జవాబు దొరికింది. దాతలు నిధులు తగ్గిస్తే ఈ మార్కెట్ కూడా కుంచించుకుపోతుందని మరవరాదు.

ఆఫ్రికా ఖండ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 2019లో అమలులోకి వచ్చింది. 2021 జనవరి 1న దాని కింద వాణిజ్యం మొదలైంది. ఈ ఒప్పందాన్ని కూడా ఇదే పద్ధతిలో చదవాలి. సంతకాల సంఖ్య కన్నా, ఒక లారీ సరిహద్దు దగ్గర ఎన్ని రోజులు ఆగుతుందన్నది ముఖ్యం.

12.7 సారాంశం

ఆఫ్రికాను నిరాశతో చూసిన రాతలూ, ఆశతో చూసిన రాతలూ సగటు అంకెల మీద ఆధారపడ్డాయి. మధ్యతరగతి లెక్కలో నిర్వచనాన్ని, వృద్ధి లెక్కలో దేశాల భేదాన్ని, రాబడి లెక్కలో కరెన్సీని, భూమి లెక్కలో మనుషులను వదిలేస్తే పెట్టుబడి నష్టపోతుంది. కొన్నిసార్లు ఆ నష్టం పెట్టుబడిదారుడి కంటే అక్కడి ప్రజలకే ఎక్కువ. ఏ నివేదికనైనా సారాంశంతో ఆపకుండా నిర్వచనాల పేజీ దాకా చదవండి. నేను ఆనాడు చేయని పని అదే.

12.8 ప్రగతి సమీక్షకు సమాధానం

మొదట రాబడి 10 లక్షల డాలర్లు. 20 శాతం పెరిగిన తరవాత 55.2 కోట్ల నైరాలు, అంటే 3.68 లక్షల డాలర్లు. నైరాలలో పెరిగిన రాబడి డాలర్లలో 63 శాతానికి పైగా తగ్గింది.

12.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఆఫ్రికా మధ్యతరగతి అంచనాలను విమర్శనాత్మకంగా పరిశీలించండి.
2. ఎయిర్‌టెల్ ఆఫ్రికా అనుభవం ఆధారంగా మారకం ప్రమాదాన్ని వివరించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 15 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 'ఖాళీ భూమి' అనే భావన ఎందుకు వివాదాస్పదం?
2. ఎం-పెసా కెన్యాలో నెగ్గి దక్షిణాఫ్రికాలో ఎందుకు నిలవలేదు?