టిన్‌బెర్గెన్ నాలుగు ప్రశ్నలు: జంతుప్రవర్తన అధ్యయనంపై ఒక విమర్శనాత్మక పరిశీలన

ఇంగ్లండు వాయవ్య తీరంలోని రావెన్‌గ్లాస్ ఇసుక తిన్నెలపై నల్లతల గల్ పక్షులు ఒకప్పుడు గుంపులుగా గూళ్లు కట్టుకునేవి. పిల్ల బయటపడిన తరువాత తల్లి గాని తండ్రి గాని ఖాళీ పెంకును ముక్కున కరచుకొని దూరంగా విడిచి వస్తుంది. ఏడాదిలో కొద్ది నిమిషాలైనా పట్టని పని. ఇంత చిన్న పనిని నికో టిన్‌బెర్గెన్, ఆయన శిష్యులు ఎన్నో ప్రయోగాలతో పరిశీలించి 1962లో ఫలితాలను ప్రచురించారు. మరుసటి ఏడాది, కొన్రాడ్ లోరెంజ్ అరవయ్యో జన్మదినం సందర్భంగా, జంతుప్రవర్తన శాస్త్రపు లక్ష్యాలను, పద్ధతులను చర్చిస్తూ టిన్‌బెర్గెన్ రాసిన వ్యాసం ఈనాటికీ ఈ రంగంలో అడుగుపెట్టే డిగ్రీ విద్యార్థికి తొలి పాఠం. వీరిద్దరికీ, కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కూ 1973లో నోబెల్ బహుమతి లభించింది.

జీవశాస్త్రానికి మూడు ప్రధాన సమస్యలున్నాయని జూలియన్ హక్స్‌లీ చెప్పేవాడు: కారణం, మనుగడకు కలిగే ప్రయోజనం, పరిణామం. టిన్‌బెర్గెన్ వీటికి వికాసాన్ని, అంటే ఒక్కొక్క ప్రాణి జీవితకాలంలో ఆ ప్రవర్తన రూపొందే క్రమాన్ని చేర్చాడు. ఈ విభజన అసలు బలం పాఠ్యపుస్తకాలలో కనిపించే పట్టికలో లేదు. ఒకే ప్రశ్నకు వచ్చిన రెండు జవాబులు ఒకదానినొకటి ఖండించుకుంటున్నాయా, లేక రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులా అని విచారించే అలవాటును అది నేర్పుతుంది.

తెలుగులో చదివే విద్యార్థికి ఈ భేదం కొత్తది కానవసరం లేదు. ఆంగ్లంలోని ‘వై’ అనే ఒక్క మాట మోసే బరువును తెలుగు పంచుకొని మోస్తుంది. దేనివలన? దేనికొరకు? ఎలా అబ్బింది? ఎక్కడి నుంచి వచ్చింది? పంచమీ విభక్తికి, చతుర్థీ విభక్తికి మధ్యనున్న తేడాయే కారణానికి, ప్రయోజనానికి మధ్యనున్న తేడా. అయినా పాఠ్యపుస్తకాల భాష ‘ఎందుకు’ అనే మాటతోనే సరిపెట్టుకొని, చేతిలో ఉన్న సాధనాన్ని విడిచిపెడుతుంది.

గల్ పక్షి విషయంలో ఈ ప్రశ్నలను విడదీసి చూడవచ్చు. గుడ్డు పైభాగం మచ్చలతో నేల రంగులో కలిసిపోతుంది. పగిలిన పెంకు లోపలి తెలుపు దూరానికి కనిపిస్తుంది. గుడ్లకు దగ్గరగా పెంకులుంచినప్పుడు కాకులు, ఇతర గల్ పక్షులు వాటిని ఎక్కువగా కనిపెట్టి తిన్నాయి. పెంకు దూరమైన కొద్దీ ప్రమాదం తగ్గింది. ఇది ‘దేనికొరకు’కు జవాబు. పక్షిని ఆ పనికి పురికొల్పే గుర్తు ఏదన్నది వేరే ప్రశ్న. దానికోసం వేర్వేరు ఆకారాల, రంగుల నమూనాలను గూళ్లలో ఉంచి చూశారు. కొండచరియల అంచుల మీద, శత్రువులు సులభంగా చేరలేని చోట గూడు కట్టే కిట్టివేక్ అనే దగ్గరి బంధువు పెంకులను తొలగించదు. ఈ పోలిక పరిణామ ప్రశ్నకు దారి తీస్తుంది. పిల్ల ఒళ్లు ఆరేవరకు గల్ పక్షి పెంకును ముట్టకుండా ఆగడం మరింత ఆసక్తికరం. గూడు విడిచిన క్షణంలో తడిపిల్లను పొరుగు గల్ పక్షే మింగివేయగలదు.

నాలుగు ప్రశ్నలలో చివరగా చేరిన వికాసమే బోధనలో ఎక్కువగా నలిగిపోతుంది. ఇందులో తెలుగు పరిభాషకూ పాత్ర ఉంది. ‘ఇన్‌స్టింక్ట్’కు సమానార్థకంగా స్థిరపడిన ‘సహజాతం’ అనే మాటకు పుట్టుకతో వచ్చినది అని అర్థం. పేరు పెట్టడంతోనే విచారణ ముగిసిపోతుంది. 1953లో డేనియల్ లేర్మన్ లోరెంజ్ సిద్ధాంతంపై చేసిన విమర్శ సారాంశం దాదాపు ఇదే. గుడ్డు నుంచి వచ్చిన కోడిపిల్ల వెంటనే గింజను పొడుస్తుంది కాబట్టి ఆ నేర్పు సహజాతమని అనడం సులువు. కానీ చైనా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త క్వో గుడ్డులోని పిండాన్ని రోజుల తరబడి గమనించి, గుండె కొట్టుకునే లయకు తల కదలడం నుంచి ఆ చలనాల చరిత్రను వివరించాడు. క్వో వివరణ పూర్తిగా నిలిచిందా లేదా అన్నది వేరే చర్చ. ‘పుట్టుకకు ముందు ఏం జరిగింది’ అనే ప్రశ్నను మాత్రం ఎవరూ కొట్టివేయలేకపోయారు. ఒక మనోవిజ్ఞాన శాస్త్రవేత్త పిండశాస్త్రంలోకి నడిచి వెళ్లడం వల్లనే ఆ ప్రశ్న పుట్టింది. టిన్‌బెర్గెన్ ఈ విమర్శలో చాలా భాగాన్ని అంగీకరించాడు. తన గురుతుల్యుడైన మిత్రుని సన్మాన సందర్భంలోనే ఆ అంగీకారాన్ని నమోదు చేయడం ఆ వ్యాసానికున్న నిజాయితీ.

వ్యాసం చెప్పకుండా వదిలినదీ ఉంది. నాలుగు ప్రశ్నలను కలిపి అడగాలని అది కోరుతుంది. కలిపే పని ఎవరిది, ఏ క్రమంలో అన్నది తేల్చదు. సాధారణంగా జంతుప్రవర్తన జంతుశాస్త్రంలో ఒక అధ్యాయంగానూ, అభ్యసనం మనోవిజ్ఞాన శాస్త్రంలో మరో అధ్యాయంగానూ ఉండిపోతాయి. రెండింటినీ ఒకే బల్లమీద పెట్టే బాధ్యత విద్యార్థిదే అవుతుంది. ఆ బాధ్యత ఎంత బరువైనదో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గడగ్కర్ బృందం దశాబ్దాలుగా సాగించిన కందిరీగల అధ్యయనం తెలుపుతుంది. దక్షిణ భారతంలో తరచుగా కనిపించే రొపాలిడియా మార్జినాటా అనే ఆ కందిరీగలో పని చేసే ఆడవి గుడ్లు పెట్టగల సామర్థ్యం ఉండీ రాణికి సేవ చేస్తాయి. దేనికొరకు అని అడిగితే జన్యుశాస్త్రం, 1964లో విలియం హామిల్టన్ ప్రతిపాదించిన బంధుత్వ గణితం కావాలి. రాణి ఒకటికి మించి మగవాటితో జతకట్టడం వల్ల ఆ బంధుత్వం పలుచబడుతుంది. లెక్క మరింత చిక్కుపడుతుంది. ఇక దేనివలన అంటే, ఎవరినీ దండించని సాధువైన ఆ రాణి తన ఉనికిని తెలుపుకొనే స్రావం కోసం రసాయనశాస్త్రాన్ని ఆశ్రయించాలి. ఏ ఒక్క విభాగపు గోడల మధ్యా ఈ కందిరీగ ఇమడదు.

మరొక లోటు ఇంకా లోతైనది. జంతువు అనుభవమేమిటన్నది పరిశీలనకు అందదు కాబట్టి శాస్త్రం దాన్ని అటుంచాలన్నది టిన్‌బెర్గెన్ వైఖరి. 1976లో డొనాల్డ్ గ్రిఫిన్ ఆ తలుపు తట్టాడు. 1997లో గోర్డన్ బర్గార్ట్ జంతువు అంతరంగ అనుభవాన్ని ఐదవ లక్ష్యంగా చేర్చాలని ప్రతిపాదించాడు. కొలవలేని దాన్ని చేర్చడం శాస్త్రాన్ని బలహీనపరుస్తుందన్న అభ్యంతరం తీసివేయదగినది కాదు. అయితే ఈ ప్రశ్నతో సూటిగా తలపడవలసిన తత్త్వశాస్త్రం, జంతుప్రవర్తనను చదివే విద్యార్థి పాఠ్యప్రణాళికలో చాలాచోట్ల కనిపించదు.