రాజమ్మక్క ఏమైంది?

రాజమ్మక్కా, నిన్ను మోసుకుపోయినవాళ్లు ఎటు తీసుకెళ్లారు?

ఆస్పత్రికా, కాటికా? నొప్పితో మెలికలు తిరిగి కుప్పకూలావు. ఎవరో కొందరు వచ్చి నిన్నెత్తి గడప దాటించారు. ఆ గడపకు అవతల నీ కథేమిటో అడూర్ గోపాలకృష్ణన్ చెప్పలేదు. 1981లో ఆయన తీసిన ‘ఎలిప్పత్తాయం’, అంటే ఎలుకల బోను, నువ్వు లేకుండానే ముగింపు దాకా నడిచిపోతుంది. నీ కబురు మాత్రం మాకు అందదు.

అందుకే ఈ స్తుతి నీకు. ఎక్కడున్నావో తెలియని నీకు.

పొగలో మండే నీ కళ్లకు దండం. తెల్లారకముందే లేచే నీ కాళ్లకు దండం. అన్నగారికి వేడినీళ్లు కాచి, అన్నం వండి, వడ్డించి, ఎంగిలి ఎత్తి, మళ్లీ పొయ్యి దగ్గరికి నడిచే ఆ నడకకు దండం. నువ్వు నడిచినంత దూరం రోడ్డు మీద నడిచి ఉంటే ఏ ఊరో చేరేదానివి. ఆ ఇంట్లో వంటగది నుంచి వసారాకూ, వసారా నుంచి వంటగదికీ చేరావు.

వసారాలో పడక్కుర్చీ, పడక్కుర్చీలో మీ అన్న ఉణ్ణి. ఒంటికి నూనె పట్టించుకుంటాడు, మీసం కత్తిరించుకుంటాడు, పేపరు చదువుతాడు. పెరట్లో ఆవు జొరబడితే లేచి తోలడు. “రాజమ్మా!” అని కేకేస్తాడు. తెల్లబట్టలు కట్టి, గొడుగు పట్టుకుని పెళ్లికి బయల్దేరినవాడు దారిలో కాస్త బురదనీళ్లు అడ్డొస్తే వెనక్కి తిరిగొస్తాడు. రాత్రిపూట కొబ్బరికాయలు దొంగలు దింపుకుంటున్న చప్పుడు నీకు వినపడుతుంది. అతనికీ వినపడుతుంది. మంచం దిగడు. కరమన జనార్దనన్ నాయర్ ఆ మనిషిని ఎంత బాగా నటించాడంటే, చూస్తున్నవాళ్లకే లేచి వెళ్లి ఆవును తోలాలనిపిస్తుంది.

నీకొక సంబంధం వచ్చింది. మన తాహతుకు తగింది కాదని అతనే తిప్పికొట్టాడు. నువ్వు వెళ్లిపోతే వేడినీళ్లు కాచేదెవరు?

విచిత్రం, తల్లి వైపు నుంచి వంశం లెక్కపెట్టే నాయర్ల తరవాడు, అంటే ఉమ్మడి కుటుంబం, మీది. ఆడపిల్లల పేరు మీదే ఇల్లు నిలుస్తుంది, పెత్తనం మాత్రం మగవాడిది. ఆ ఉమ్మడి కుటుంబ పద్ధతిని కేరళ 1975 చట్టంతో రద్దు చేసింది. పద్ధతి పోయినా పడక్కుర్చీ పోలేదు.

ముగ్గురు అక్కచెల్లెళ్లకు మూడు రంగులు పంచాడు దర్శకుడు. పెద్దది జానమ్మకు ఆకుపచ్చ. ఆమె వచ్చి తన వాటా అడుగుతుంది, గొడవపడుతుంది. చిన్నది శ్రీదేవికి ఎరుపు. ఆ పిల్ల ఒకరోజు ఇంట్లో ఉండదు, ఎవరితోనో, ఎక్కడికో. నీకు నీలం. అడగడమూ రాదు, పారిపోవడమూ రాదు. నీ నీలాన్ని కెమెరా పట్టిన మంకడ రవివర్మ చీకటి గదుల్లోనే ఎక్కువ చూపించాడు. ఆ చీకట్లో మెరిసినవి శారద కళ్లు.

ఆ కళ్లు మన తెనాలివి. ఇదే అడూర్ మొదటి చిత్రం ‘స్వయంవరం’లో జాతీయ ఉత్తమనటిగా నిలిచిన శారద, ‘తులాభారం’కూ, మన ‘నిమజ్జనం’కూ అదే గౌరవం అందుకున్న శారద. తెలుగు తెరమీద గుక్కపెట్టి ఏడవడంలో ఆమెకు సాటి లేదని పేరు. ఇక్కడ ఆ ఏడుపంతా లోపలే దాచుకుంది. ఏడ్చి ఉంటే మేమూ ఏడ్చి తేలికపడేవాళ్లం. ఆ తేలిక ఆమె మాకివ్వలేదు, మంచిపని చేసింది.

ఇక ఆ ఇంట్లోంచి మోసుకుపోయే ఊరేగింపుల సంగతి. సినిమాలో ఎలుక బోనులో పడ్డప్పుడల్లా శ్రీదేవి దాన్ని మోసుకుంటూ కొలను దగ్గరికి వెళ్లి నీళ్లలో ముంచుతుంది. కెమెరా ఆ పిల్ల వెంట నీటి అంచుదాకా వెళ్తుంది. చివర్లో ఒక రాత్రి మనుషులు తలుపులు బద్దలుకొట్టి చొరబడతారు. వాళ్లెవరో సినిమా పేరుపెట్టి చెప్పదు. చీకటి గదుల్లో వెంటాడి, ఉణ్ణిని ఎత్తుకుపోయి అదే కొలనులో పడేస్తారు. కెమెరా అతని వెంటా వెళ్తుంది. ఎలుక గతి చూశాం, ఉణ్ణి మునక చూశాం. నడుమ నిన్ను మోసుకుపోయిన ఊరేగింపొక్కటే ఎటూ చేరకుండా ఆగిపోయింది.

చనిపోయావనేవాళ్ల దగ్గర గట్టి వాదనే ఉంది. బోనులో పడ్డదేదీ ఈ సినిమాలో తిరిగి రాలేదు. నువ్వు పోయాకే ఉణ్ణి పూర్తిగా కన్నంలోకి ముడుచుకున్నాడు. బతికున్నావనేవాళ్లు చితి చూపించలేదు కదా, కర్మ చేయలేదు కదా అంటారు. శుభం కార్డు పడేలోపు అందరి లెక్కా తేల్చేసే సినిమాలు చూసి పెరిగినవాళ్లం, మాకు ఏదో ఒకటి తేలాలి. ఆస్పత్రి మంచం, తలకింద దిండు, పక్కన పండ్లరసం, ఇంత మనసులో అమర్చుకుంటేగానీ నిద్రపట్టదు. లెక్క చూస్తే పోయావనే నాకూ అనిపిస్తుంది. కానీ లెక్క కోసం కాదు నేను నీ దగ్గరికొచ్చింది.

కెమెరా నీ వెంట ఎందుకు రాలేదు? ఉణ్ణి రాలేదు కనక. శ్రీదేవి కనపడకపోతే ఆ పిల్లను వెతకడానికి గడప దాటని ఇల్లది. ఆ ఇంటి ఆడవాళ్లు గడప దాటాక ఆ ఇంటి చూపు వాళ్లను అందుకోదు. అడూర్ ఆ చూపును ఒక్క అడుగు కూడా సాగదీయలేదు. సాగదీసి ఉంటే, ఉణ్ణి చేయని పరామర్శ సినిమా చేసేసినట్టయ్యేది, అతని బాకీ మనం తీర్చినట్టయ్యేది. ‘రాజమ్మ ఏమైంది?’ అనే ప్రశ్న అతను అడగాల్సింది. అడగలేదు గనకే అది మా మీద పడింది. 1982లో లండన్‌లో ఈ చిత్రానికి సదర్లాండ్ ట్రోఫీ ఇచ్చారు, ఆ ఏటి అత్యంత మౌలికమైన, ఊహాశక్తిగల చిత్రమని. ఆ మౌలికత ఎక్కడుందని నన్నడిగితే, నిన్ను చూపించకుండా వదిలిన ఆ ఖాళీలో ఉందంటాను.

ఉణ్ణి సంగతీ తేలలేదనుకో. ఎలుకలు మునిగి చచ్చిన నీళ్లలోంచి అతను పైకి లేచాడు. తడిసి, గజగజ వణుకుతూ, రెండు చేతులూ దగ్గరగా చేర్చుకుని. అక్కడితో సినిమా అయిపోయింది. మునక వేశాడు, పాపం కడుక్కుని కొత్తగా పుట్టాడని కొందరంటారు. నేనంత తొందరగా ఒప్పుకోను. నీళ్లలో ముంచినవాళ్లు వేరే, లేవడం ఒక్కటే అతని వంతు. ప్రాణభయానికి జోడించిన చేతుల్ని పశ్చాత్తాపమని ఎలా అనుకోను? అతను తడిబట్టలతో ఇంటికెళ్లాక తెలుస్తుంది ఆ పుట్టుక సంగతి. పొయ్యి చల్లారిపోయి ఉంటుంది. అగ్గిపెట్టె ఎక్కడుంటుందో ఆ మనిషికి తెలుసా? ఆకలేస్తే లేచి వెతుకుతాడా?

వెతకడేమో. ఎన్నేళ్ల అలవాటు, అదే కేక వేస్తాడు.

పలకకు, అక్కా. బతికున్నా సరే.