విత్తు దాచు విద్య

జహీరాబాదు ప్రాంతమున, పస్తాపురము చుట్టుపట్ల గ్రామములలో, ఏటేట సంక్రాంతి దినములలో ఎడ్లబండ్లమీద విత్తనములను ఊరేగించు పాతపంటల జాతరను చూచినవారికి, మన పల్లెస్త్రీలు ఎంతటి శాస్త్రమును బుట్టలలో, కుండలలో, బూడిదపొరలలో భద్రపరచియున్నారో తెలియకపోదు. ఆ స్త్రీల సంఘములతో పనిచేయు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి పక్షమున ఈక్వేటర్ పురస్కారము లభించినది. ఆ గౌరవమును తలచినప్పుడెల్ల నాకు తోచునది ఒక్కటే: ఎన్నో రకముల విత్తనములను సేకరించుట గొప్ప కావచ్చును గాని, సేకరించిన ప్రతి గింజయు మరల తొలకరికి నేలను చీల్చుకొని లేచునట్లు నిలుపుట అంతకంటె ఎన్నోరెట్లు గొప్ప.

ఏలయనగా విత్తనము ఒక్కనాట చచ్చునది కాదు. గింజ ఎండినప్పుడు దానిలోని జీవద్రవ్యము గాజువలె బిగుసుకొని, చలనము దాదాపు ఉడిగి, అట్లే నిదురించియుండును. గాలిలోని తేమయు వేసవి వేడియు ఆ బిగువును సడలించినంతనే ప్రాణవాయువు తన పని మొదలుపెట్టును. స్థిరత్వము లేని ఆక్సిజన్ రూపములు పుట్టి, గింజలోని క్రొవ్వును పట్టి, ఒక అణువునుండి మరియొక అణువునకు గొలుసుకట్టుగా ప్రాకి, కణములను చుట్టియున్న సన్నని పొరలకు చిల్లులు పొడుచును. కణమునకు శక్తినిచ్చు మైటోకాండ్రియాలను, మాంసకృత్తులను, తుదకు వంశలక్షణములను మోయు డీఎన్ఏను సైతము చెరచును. పచ్చి మొక్కలో ఈ విషమును విరుచుటకు కెటలేజ్, సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ మొదలగు ఎంజైములు కలవు గాని, నీరు లేని ఎండుగింజలో వాని ఆటలు సాగవు. అక్కడ నూనెలో కరగియుండు విటమిన్ ఇ వంటి కొలదిపాటి రక్షకులే దిక్కు. నానినపిమ్మట గింజ తన గాయములను తానే కొంతవరకు మాన్పుకొనును. గాయములెన్ని యున్న అంత ఆలస్యము, మాన్పుకొనజాలనన్ని యున్న మరణము.

ఇందులో మిక్కిలి మోసకరమైన సంగతి ఏమనగా, మొలకశక్తి పోవుటకు ఎంతో ముందుగానే సత్తువ పోవును. పరీక్షశాలలో తడికాగితముమీద, అనుకూలమైన వేడిమిలో, రెండు సంచుల గింజలును ఒకేరీతి మొలవవచ్చును. చేనులో, మన్ను అట్టకట్టి వాన వెనుకాడిన పక్షమున, సత్తువగల సంచి ఏకముగా లేచి నిలుచును. ముదిసిన సంచి ఇక్కడొకటి అక్కడొకటిగా, మూడునాళ్ల తేడాతో, పీలగా పైకివచ్చును. పైగా చిల్లులుపడిన పొరలనుండి కారిన చక్కెరలు మంటిలోని బూజును విందునకు పిలుచును. గింజలు నానిన నీటిలో విద్యుత్తు ఎంత సులువుగా ప్రవహించునో కొలిచి సత్తువను అంచనాకట్టు పరీక్ష, ఈ చక్కెరలతోపాటు లవణములు కారుటపైననే ఆధారపడినది. విత్తన పరీక్ష నేటిది కాదు: జర్మనీలోని థారాంట్‌లో 1869లో నోబె అను పండితుడు విత్తన పరీక్షశాలను స్థాపించెను. మనదేశమున కృషిపరాశరమువంటి గ్రంథములు విత్తులను మాఘఫాల్గుణములలో సేకరించి బాగుగా ఎండబెట్టుమని ఏనాడో చెప్పినవి. చరిత్ర ఇంతతో చాలును.

వేరుసెనగను తీసికొందము, విత్తుగా దానిని దాచుట తక్కిన పెక్కు గింజలకంటె కష్టము. పప్పు బరువులో దాదాపు సగము నూనెయే. ఆ నూనె ఆక్సిజన్ పాలబడుటకు సిద్ధముగా నుండును. పాతబడిన గింజ నోట చేదగుట మనమెల్లరము ఎరిగినదే. అందుచే అనంతపురపు మెట్టపొలముల వారిలో పనితెలిసిన ఇల్లాలు విత్తనపు కాయను మండుటెండలో నేలమీద పరవదు. చెట్లను చిన్న కట్టలు గట్టి, కాయలు నీడన ఉండునట్లు నిలిపి, మెల్లగా ఆరనిచ్చును. పిమ్మట కాయను చెవియొద్ద ఆడించి చూచును: లోపల పప్పు గలగలలాడవలెను. ఒకటి ఒలిచి పంటికింద పెట్టును: టక్కున విరుగవలెను, సాగరాదు. ఆపైన కాయను కాయగానే దాచును. ఆ డొల్ల, దానిలోపలి పలుచని ఎర్రపొర, ఈ రెండును పప్పునకు కవచములు. విత్తు రోజులు వచ్చువరకు వానిని విప్పదు. వచ్చినపుడు ఇంటిల్లిపాదియు కూర్చుండి చేతులతో ఒలుతురు. యంత్రము ఒలిచిన పప్పునకు పొర చిట్లును, చిట్లినచోట గాలి దూరును.

విత్తనాయువును గూర్చి హారింగ్టన్ అను శాస్త్రజ్ఞుడు చెప్పిన సూత్రమొకటి కలదు: 5 నుండి 14 శాతమువరకు గల తేమలో ఒక్క శాతము తగ్గినను ఆయువు రెండింతలగును, నిలువచోటి వేడి 5 డిగ్రీలు తగ్గినను రెండింతలగును. అనగా 13 శాతము తేమగల గింజను 9 శాతమునకు ఆర్చిన ఇల్లాలు దాని ఆయువును 16 రెట్లు పెంచినదన్నమాట! తేమను కొలుచు పరికరమేదియు లేకుండ, పంటితోను చెవితోను ఈ పని చేసిన చేతులకు నేను మ్రొక్కెదను.

తక్కిన గింజలకు తక్కిన ఉపాయములు. కందులకు ఎర్రమన్ను పట్టింతురు, పెసలకు ఆముదము రాచి పురుగు గ్రుడ్లను అణచుదురు, సొర, బీర, దోస గింజలను పేడలో ఒత్తి గోడకు కొట్టుదురు. జొన్నకంకులలో మేలైనవానిని కోతకు ముందే ఏరి, పొయ్యిమీది దూలమునకు వ్రేలాడదీసి పొగపట్టింతురు. వేపాకును, వావిలాకును కలిపిన బూడిద తేమను పీల్చి పురుగును తరుమును. పేడమన్నుతో అలికి మూతి మూసిన గుమ్మిలోనికి గాలితేమ అంత సులువుగా చొరదు. బూడిద పాలును ఆకు పాలును గింజనుబట్టి మారును. ఆ పాళ్లు అత్తనుండి కోడలికి వచ్చినవే గాని పుస్తకములనుండి వచ్చినవి కావు.

మహారాష్ట్రలోని అకోలె తాలూకాలో రాహీబాయి పోపెరె అను గిరిజన స్త్రీ ఇట్లే దేశవాళీ విత్తులను కూర్చి, 2020 సంవత్సరపు పద్మశ్రీ పొందినది. లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో విత్తులను భద్రపరచు వవిలోవ్ సంస్థవారు కొందరు ఆకలితో ప్రాణములు విడిచిరి గాని తాము కాచుచున్న ధాన్యమును తినలేదు. వారిలో వరి నిపుణుడును వేరుసెనగ నిపుణుడును కలరు. ఆ త్యాగమును విని కన్నీరు పెట్టువారు, కరవుకాలమున విత్తనపు కుండ జోలికి పోక పస్తులున్న మన అవ్వలను ఏల తలపరు?

ఇట్టి విద్య కండ్లయెదుటనే ఆరిపోవుచుండగా, అంగడిలో జరుగుచున్నదేమి? గడచిన ఋతువున అమ్ముడుపోని గింజను, గిడ్డంగి రేకులక్రింద వేసవియంతయు ఉడికిన గింజను, రంగులో ముంచి, మెరుగుసంచిలో నింపి, క్రొత్త పేరుతో అమ్ము దుర్మార్గులున్నారు. ఆ రంగు గింజ వయస్సును కప్పును గాని సత్తువను తిరిగి ఇచ్చునా? మొలవని చేను ముందు నిలుచున్న రైతునకు విత్తనపు వెల ఒక్కటే కాదు, దున్నిన దున్నకము, తొలివాన, అదను సర్వమును పోవును. మనుష్యులను చంపు మందులమ్మువాని నేరమునకు ఈ నేరము ఏమాత్రము తీసిపోదని నా దృఢమైన అభిప్రాయము. ఇంటి విత్తును అనాగరికమని ఎగతాళి చేసి, రైతులను ఈ సంచుల వాకిట నిలిపిన విద్యావంతులకును ఇందులో పాలు కలదు.

విత్తన ధ్రువీకరణపు ప్రమాణములలో వేరుసెనగకు 70, వరికి 80 శాతము మొలక చాలునన్నారు. సత్తువకు అంకెయే లేదు. గింజలను ఆవిరితేమలో 40 డిగ్రీలకు పైబడిన వేడిలో కొన్నాళ్లుంచి, త్వరితముగా ముసలివగునట్లు చేసి, తట్టుకొన్నవెన్నియో లెక్కించు పరీక్ష శాస్త్రజ్ఞులకు సుపరిచితమే. ప్రభుత్వమువారు దానిని ప్రతి సంచికిని విధించుడు. ఆ ఫలితమును, గింజ పండిన ఋతువును తెలుగులో పెద్ద అక్షరములతో అచ్చువేయించుడు. వ్యవసాయ విద్యాలయములవారు పస్తాపురపు స్త్రీలను ఉపన్యాసము వినుటకు కాక, బోధించుటకు పిలువుడు. గుమ్మిలోని గింజను, గిడ్డంగిలోని గింజను ఒక్కనాడే, ఒక్క చేనులో, పదిమంది రైతులయెదుట ప్రక్కప్రక్క సాళ్లలో విత్తి చూపుడు. ఈ తొలకరికే ఆ పని మొదలుపెట్టుడు.