కారే తొట్టే కొనండి

"సుక్క కారదు బాబూ!" ఈ వారం నన్ను చిరాకుపెట్టిన మాట ఇదే. పాతపట్నంలో పాత సామాన్ల కొట్టు ముందు మూడడుగుల చేపల తొట్టి చూపించి ఒకాయన మా మేనల్లుడితో అన్నాడు. వాడు వెంటనే డబ్బు తీయబోతే ఆపాను. కొట్టతను అబద్ధమాడుతున్నాడని కాదు, అక్కడ అడగాల్సిన ప్రశ్న వేరే ఉందని.

పాత వస్తువును పారెయ్యకూడదన్న నా పట్టుదల ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. గంగాళానికి మాటు వేయించుకోమన్నాను, మంచానికి నవారు మార్చుకోమన్నాను. కానీ గంగాళం కారితే గచ్చు తడుస్తుంది, అంతే. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న తొట్టి పగిలిందా, దాదాపు 190 లీటర్లు, అంటే 190 కిలోల నీరు గాజు పెంకులతో సహా గదిలోకి వస్తుంది. అదే గదిలో పిల్లలు పడుకుంటారు, అదే గోడకు ప్లగ్గులుంటాయి.

మా మామయ్య కూడా ఓ పాత తొట్టి కొన్నాడు, పర్లాకిమిడిలో. అప్పటికింకా మాకు చిన్న రైలుండేది. పర్లాకిమిడి రాజావారు వేయించిన రెండున్నర అడుగుల గేజి లైను అది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా వచ్చి, తర్వాత గుణుపురం దాకా సాగింది. ఆ బండిలో తొట్టిని ఒళ్లో పెట్టుకున్నట్టే పట్టుకుని పాతపట్నంలో దిగాడు మామయ్య. నాలుగు పక్కలా ఇనుప యాంగులర్ చట్రం, లోపల లప్పంతో అతికించిన అద్దాలు. సిలికాన్ రాకముందు తొట్లన్నీ అంతే. చాలాకాలం అటక మీదే ఉండిపోయింది. ఓ వేసవిలో దించి నీళ్లు పోస్తే నాలుగు మూలల నుంచీ ధారలు! "మోసపోయావు, పారెయ్ మావా" అన్నారంతా. కిటికీ అద్దాలు బిగించే పనివాడొకాయన వచ్చి, మూలలో లప్పాన్ని గోటితో గీకాడు. సుద్దలా రాలింది. అద్దాలను ఒక్కొక్కటే వెలుతురుకు పెట్టి అంచులన్నీ తడిమి చూశాడు. "అద్దం బంగారం. లప్పమే ఎండి సచ్చిపోనాది" అన్నాడు. తొట్టి నిండా నీళ్లుంటే ఆ బరువే అద్దాన్ని లప్పంలోకి, చట్రంలోకి అదిమిపెడుతుంది. నీళ్లు తీసి ఏళ్లతరబడి ఎండగట్టి, అటూ ఇటూ కదిపితే ఆ పట్టు పోతుంది. ఆయన కొత్త లప్పం పెట్టాక మహేంద్రతనయ ఇసుక కడిగి పోసి, గప్పీలు వదిలాం. మామయ్య ఉన్నన్నాళ్లూ ఆ తొట్టి కారలేదు.

నేటి తొట్లలో లప్పం చోటికి సిలికాన్ వచ్చింది. మూలల్లో గోరు పెట్టి చూడండి. అంచు తొక్కలా లేచినా, తెల్లగా పాలిపోయినా దాని పని అయిపోయినట్టే. కానీ దానికంటే ముందు చూడాల్సింది గాజు. టార్చిలైటును పలకకు ఆనించి ఏటవాలుగా వెయ్యాలి. గీతలుంటే ఉండనీ, చూపుకే లోటు. అంచుల్లో, మూలల్లో పెచ్చు లేచినా, గోరు తగిలి ఆగే నెర్రె కనిపించినా ఊరికే ఇచ్చినా తేకండి. నీటి ఒత్తిడి ఎప్పుడో ఒకప్పుడు ఆ నెర్రెను సాగదీస్తుంది. తొట్టి పొడవు చూసి భయపడతాం గానీ భయపడాల్సింది ఎత్తుకు. పొడవు మారకుండా 12 అంగుళాల నీటిని 18కి పెంచితే పక్క పలక మీద తోపు రెండింతలు దాటుతుంది. అందుకే ఎత్తైన తొట్టికి సన్నటి గాజు ఉంటే వదిలెయ్యాలి. పైన అడ్డపట్టీ ఊడిపోయి ఉంటే అది అతికించేదాకా నీళ్లు పోయకూడదు.

గాజు బాగుంటే మాత్రం, నన్నడిగితే, కారేదే కొనుక్కోండి. కారదన్న తొట్టికి ధర ఎక్కువిస్తాం, పాత సిలికాన్‌నే నమ్ముకుని ఇంట్లో పెడతాం. అది మన ఎదుట కారలేదు, అంతే. కారేదాన్ని గాజు ధరకే తెచ్చుకుని అతుకులన్నీ మళ్లీ వేస్తాం, ఏ మూల ఎలా ఉందో మన చేతికి తెలుస్తుంది. కారిన చోట మాత్రమే పూస్తే లాభం లేదు, ఎండిన సిలికాన్‌ను కొత్తది సరిగ్గా పట్టుకోదు. లోపలి పూతంతా బ్లేడుతో గీకెయ్యాలి. పలకకూ పలకకూ మధ్యనున్న పొరలోనే బుడగలు, ఖాళీలు కనిపిస్తే తొట్టినే విప్పదీసి అతికించాలి. అంత పని చేతకాకపోతే తెలిసినవాళ్లకు అప్పగించండి. బాత్రూముల కోసం బూజు మందు కలిపి అమ్మే సిలికాన్ చేపలకు హాని, అది వద్దు. తెల్లటి ఉప్పు మరకలకు వెనిగర్ చాలు, సబ్బు పెట్టకండి. రాగి కలిసిన మందులు వాడిన తొట్టయితే నత్తలు, రొయ్యలు పెంచకపోవడమే మంచిది.

సిలికాన్ పులుపు వాసన పోయేదాకా రోజులు ఆగి, అరుగు మీద చదునైన చోట, చుట్టూ పాత పేపర్లు పరిచి నీళ్లు పోయండి. మూడో వంతు పోసి ఆగాలి, చూడాలి, మళ్లీ పోయాలి. నిండాక రెండు రోజులు అలాగే ఉంచాలి. ఆ రెండు రోజులూ పర్లాకిమిడి వెళ్లి చేపలు తేకండి. కవర్లో చేపలు ఎదురుచూస్తుంటే ఏ పరీక్షనైనా సగంలోనే ముగించేస్తాం.